మెదడు శస్త్రచికిత్సకు లెక్క నేర్పిన డాక్టర్ హార్వీ కుషింగ్

ఇటువంటి సంచికలలో మన తెలుగు పెద్దల జీవితాలను స్మరించుకోవడం ఆనవాయితీ. ఈసారి మేము తెలుగువాడు కాని ఒక వైద్యుని గురించి వ్రాయబూనినందుకు పాఠక మహాశయులు మన్నించాలి. అందుకు కారణం లేకపోలేదు.

హెర్న్‌డన్‌లో మాకు ఆప్తులైన ఒక గృహస్థుకు కొన్నేళ్ళ క్రితం పెళ్ళినాటి ఉంగరం వేలికి బిగిసిపోతే కత్తిరించి తీయవలసి వచ్చింది. చెప్పుల కొలత ఏటేటా పెరిగింది. గొంతు బొంగురు పోయింది. వయసు మీదపడుతోందిలే అని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. చక్కెర వ్యాధికి, రక్తపు పోటుకు ఆరేళ్ళపాటు మాత్రలు వ్రాసి ఇచ్చిన వైద్యులూ ఇంచుమించు అలాగే అనుకున్నారు. చివరకు, పళ్ళ మధ్య సందులెందుకు ఏర్పడుతున్నాయని పళ్ళ డాక్టరుకు అనుమానం వచ్చింది. రక్తపరీక్ష జరిగింది, ఎం.ఆర్.ఐ. జరిగింది, మెదడు అడుగున పిట్యూటరీ గ్రంథిలో కణితి కనబడింది. ముక్కు లోపలినుండి వెళ్ళి దానిని తీసివేశారు. నాలుగోనాటికి ఆయన ఇంటికి వచ్చి మజ్జిగన్నం తిన్నారు. ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆ కొద్ది గంటలలో, ఈ గ్రంథి జోలికి వెళ్ళే ధైర్యం మొదట ఎవరికి కలిగిందోనన్న ఆలోచన మాలో పుట్టింది. ఆ ఆలోచనే మమ్మల్ని కుషింగ్ జీవితం దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆయన పేరు తెచ్చుకున్న ఊరు మరీ దూరమూ కాదు. మనకు సుమారు అరవై మైళ్ళలో ఉన్న బాల్టిమోరు.

హార్వీ కుషింగ్ 1869 ఏప్రిల్ 8వ తేదీన ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో జన్మించారు. పదిమంది సంతానంలో కడపటివాడు. తండ్రి, తాత, ముత్తాత అందరూ వైద్యులే. యేల్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, 1895లో హార్వర్డు వైద్య కళాశాలనుండి పట్టా పుచ్చుకున్నారు.

అక్కడ విద్యార్థిగా ఉన్నప్పుడే జరిగిన ఒక సంఘటన ఆయన జీవితానికి మలుపు. ఆ రోజుల్లో రోగికి ఈథరు ఇచ్చి మత్తు కలిగించే పనిని విద్యార్థులకు అప్పగించేవారు. ప్రత్యేకమైన శిక్షణ ఏమీ ఉండేది కాదు. కుషింగ్ చేతిమీదుగా మత్తు ఇస్తుండగా ఒక రోగి ప్రాణం పోయింది. చదువు మానివేద్దామన్నంతగా ఆయన కుంగిపోయారు. పెద్దలు సర్దిచెప్పారు గానీ, ఆయన ఊరికే సర్దుకోలేదు. తన తోటి విద్యార్థి ఎర్నెస్ట్ కాడ్మన్‌తో కలిసి, మత్తులో ఉన్న రోగి నాడి, ఊపిరి ఎప్పటికప్పుడు కాగితంమీద గుర్తించే పద్ధతిని మొదలుపెట్టారు. 1901లో ఇటలీలోని పావియాకు వెళ్ళినప్పుడు అక్కడ రీవా-రోచ్చి కనిపెట్టిన రక్తపుపోటు కొలిచే సాధనాన్ని చూసి, దాని వాడుకను ఈ దేశానికి తెచ్చారు. ఈనాడు మన చేతికి పట్టీ చుట్టి గాలికొట్టే ప్రతిసారీ ఆ ప్రయాణపు ఫలం మనకు అందుతూనే ఉన్నది.

ఆ కాడ్మన్ గురించి ఒక్కమాట చెప్పి ముందుకు సాగుతాము. శస్త్రచికిత్స చేసిన ప్రతి రోగినీ ఏడాది తర్వాత మళ్ళీ కలుసుకుని, బాగుపడ్డాడా లేదా, లేకపోతే తప్పెక్కడ జరిగింది అని వ్రాసి పదిమందికీ తెలియజేయాలని ఆయన పట్టుపట్టారు. బోస్టను పెద్ద వైద్యులకు అది రుచించలేదు. మిత్రుడు కోరిన పనిని కుషింగ్ తన సొంత వార్డులో చేసి చూపించారు.

1896లో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, హాల్‌స్టెడ్ అనే గొప్ప శస్త్రవైద్యుని వద్ద చేరారు. కంగారు లేకుండా, రక్తం ఒలకకుండా, కణజాలాన్ని సుతారంగా ముట్టుకుంటూ కత్తి నడపడం అక్కడే అలవడింది. ఐరోపాలో ఏడాదికి పైగా గడిపి తిరిగివచ్చి, మెదడు, నరాల శస్త్రచికిత్సకే తన జీవితాన్ని అంకితం చేసుకున్నారు. ఆ రోజుల్లో అది కొరివితో తల గోక్కోవడమేనని చాలామంది అభిప్రాయం. పుర్రె తెరిచినవారిలో సగంమంది వరకూ బ్రతికేవారు కాదు. కణితి ఎక్కడుందో ముందుగా చూపించే యంత్రం లేదు. నడక, చూపు, మాట, చేతిరాత వీటిని గమనించి ఊహించవలసిందే.

పిట్యూటరీ విషయానికి వద్దాము. బఠాణీ గింజంత గ్రంథి అది. కనుబొమల వెనుక, చూపు నరాలు కలిసే చోటుకు సరిగ్గా కింద, ఎముక తొట్టెలో కూర్చుని ఉంటుంది. ఎదుగుదల, కాన్పు తర్వాత పాలు, నెలసరి, ఒంట్లోని చక్కెర, ఇవన్నీ దాని కనుసన్నలలో నడుస్తాయి. అక్కడ కణితి పుట్టి పైకి పెరిగితే చూపు నరాలను నొక్కుతుంది. అప్పుడు జట్కా గుర్రానికి కళ్ళకు అడ్డాలు కట్టినట్టు, ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గానీ రెండు పక్కలా చీకటి. కుషింగ్ తన రోగుల పక్కచూపు ఎంత పోయిందో పటాలు గీయించి, చికిత్స తర్వాత మళ్ళీ గీయించి పోల్చేవారు. హార్మోనులను రక్తంలో కొలిచే పరీక్షలు ఇంకా పుట్టని కాలంలో, మెరుగయిందనడానికి ఆయనకు దొరికిన నమ్మకమైన గుర్తులలో ఆ పటమొకటి.

ముక్కు వెనుక ఎముక గుండా ఈ గ్రంథిని చేరే చికిత్స 1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ష్లోఫర్ మొట్టమొదట చేశారు. 1909లో కుషింగ్ దానిని చేపట్టారు. రోగి దక్షిణ డకోటానుండి వచ్చిన ఒక రైతు. చేతులూ కాళ్ళూ దవడా పెరిగిపోయిన మనిషి, అంటే మన మిత్రుని జబ్బే. కుషింగ్ ఈ పద్ధతిని క్రమంగా దిద్ది, ముఖంమీద మచ్చ పడకుండా పైపెదవి కిందనుండి ముక్కు దూలం పక్కగా దారి చేశారు. 1910కీ 1925కీ మధ్య 231 మందికి ఈ దారిన చికిత్స చేస్తే, మరణాలు నూటికి 5.6 మాత్రమే. పెన్సిలిన్ లేదు, స్టెరాయిడు మాత్ర లేదు, సూక్ష్మదర్శిని లేదు, నుదుటిన కట్టుకున్న చిన్న దీపం ఒక్కటే ఉంది. ఆ సంఖ్యను చదివి మేము కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాము.

అయితే ఆయనే తర్వాత ఆ దారిని వదలి, పుర్రె పైనుండి వెళ్ళే పద్ధతికి మారిపోయారు. చూపు నరాలు కంటికి కనబడుతూ పనిచేయవచ్చునని ఆయన ఉద్దేశం. గురువు వదలిన దారిని దేశంలో తక్కినవారిలో చాలామంది వదిలేశారు. ఆయన శిష్యుడు, ఎడింబరో వాసి నార్మన్ డాట్ మాత్రం పట్టు విడువలేదు. డాట్ వద్ద పారిస్ నుండి వచ్చిన గియో, గియో వద్ద మాంట్రియల్‌కు చెందిన జూల్స్ హార్డీ నేర్చుకున్నారు. 1960లలో హార్డీ సూక్ష్మదర్శిని జతచేశాక అది మళ్ళీ రాజమార్గమయింది. ఒక్కరి చేతిలో దీపం ఆరకుండా ఉంటే చాలునన్నమాట!

1912లో కుషింగ్ బోస్టనుకు మారి, మరుసటి ఏడు తలుపులు తెరిచిన పీటర్ బెంట్ బ్రిగం ఆసుపత్రికి ప్రధాన శస్త్రవైద్యులయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు వెళ్ళి, తలకు గుండు తగిలిన సైనికులకు చికిత్స చేశారు. అక్కడ కూడా లెక్క వదలలేదు. ఆయన బృందం చేతిలో మరణాలు ఇంచుమించు నూటికి 54 నుండి 29కి తగ్గాయి. రక్తం ఆపడానికి 1911లో వెండి క్లిప్పులు ప్రవేశపెట్టారు. 1926లో బోవీ అనే భౌతిక శాస్త్రజ్ఞుని సహాయంతో విద్యుచ్ఛక్తితో కోసి రక్తనాళాలను మూసే పరికరాన్ని వాడసాగారు. అంతకుముందు వద్దని వదిలేసిన రోగులను మళ్ళీ పిలిపించి చికిత్స చేశారు.

ఆ 1926వ సంవత్సరమే ఆయనకు ఆనందమూ శోకమూ కలిపి తెచ్చింది. తన గురుతుల్యుడు ఆస్లర్ జీవిత చరిత్రకు పులిట్జర్ బహుమానం లభించింది. యేల్‌లో చదువుతున్న పెద్దకుమారుడు మోటారు ప్రమాదంలో మరణించాడు. ఆ కబురు ఉదయం అందింది. నాడు చేయవలసిన శస్త్రచికిత్స ముగించాకే ఆయన బయలుదేరారు. దీనిని కర్తవ్యదీక్ష అని మెచ్చుకోవాలో, మరేమనాలో మాకు తోచలేదు. ఇల్లాలు కాథరిన్ ఐదుగురు పిల్లలనూ దాదాపు ఒంటరిగానే పెంచారన్నది మాత్రం నిజం.

కుషింగ్ ముక్కుమీద కోపం గల మనిషి. సహాయకులను, నర్సులను కంటతడి పెట్టించేవారు. హాప్కిన్స్‌లో తన దగ్గర పనిచేసిన వాల్టర్ డాండీతో చివరిదాకా వైరమే. చెవి నరపు కణితిని పూర్తిగా తీయవచ్చునని డాండీ అంటే కుషింగ్ మండిపడ్డారు. కాలం డాండీ పక్షానే తీర్పు చెప్పింది.

ఇక మేము అసలు చెప్పదలచినది ఆ లెక్కల సంగతి. కుషింగ్ కార్యాలయంలో లూయీజ్ ఐసెన్‌హార్ట్ అనే ఆమె తొలుత వ్రాతపనికి చేరారు. తర్వాత టఫ్ట్స్‌లో వైద్యం చదివి, తిరిగివచ్చి మెదడు కణితులను సూక్ష్మదర్శినిలో పరీక్షించే నిపుణురాలయ్యారు. ఆమె చేతిలో ఒక చిన్న నల్ల పుస్తకం ఉండేది. ప్రతి కణితి పేరు, ఎవరిది, ఆపైన ఏమయిందీ అందులో ఎక్కవలసిందే. రోగులు ఏటా తమ శస్త్రచికిత్స జరిగిన రోజున క్షేమసమాచారం ఉత్తరం వ్రాయాలని కుషింగ్ కోరేవారు. 1931 ఏప్రిల్ 15న రెండువేలవ కణితి నమోదయింది. 1932లో ఆ రెండువేల మంది ఫలితాలను మరణాల శాతంతో సహా అచ్చువేయించారు. చివరి సంవత్సరాలలో మరణాలు నూటికి పదికి లోపే. తన చేతిలో పోయినవారి సంఖ్యను తానే ప్రకటించడానికి ఎంత గుండె కావాలి?

పెర్సివల్ బెయిలీతో కలిసి 1926లో వెలువరించిన గ్లియోమా కణితుల వర్గీకరణ కూడా ఈ లెక్కలోనుండి పుట్టిందే. కణం రూపం చూసి, ఈ రోగి ఎన్నాళ్ళుంటాడో అంచనా వేయవచ్చునని వారు నిరూపించారు. ఈనాడు వైద్యులు కణం రూపంతో ఆగక దాని జన్యువును కూడా చదువుతున్నారు. గ్లియోమాలో ఐ.డి.హెచ్. జన్యువు మారి ఉంటే ఆయువు ఎక్కువ. ఆ మార్పు 2008లో బయటపడినది కుషింగ్ పనిచేసిన హాప్కిన్స్‌లోనే. 2016 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఈ జన్యు గుర్తులు అంతర్భాగమయ్యాయి.

బోస్టనులో ఆయన ఉన్న ఆఖరి తొమ్మిదేళ్ళు మన తెలుగువారికి మరొక విధంగా పరిచయమైనవి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923 అక్టోబరులో బోస్టను చేరి, బ్రిగం ఆసుపత్రి పక్కనే ఉన్న హార్వర్డు ప్రయోగశాలలో ఫిస్కే వద్ద పనిచేశారు. 1927లో వారిద్దరూ కండరాలలో కనుగొన్న ఫాస్ఫోక్రియాటిన్ మెదడులోనూ ఉంటుంది. ఇవాళ కోతపెట్టకుండా స్కానులోనే కణితి రసాయనాన్ని చదివేటప్పుడు, క్రియాటిన్ గీతను ఆధారంగా పెట్టుకునే తక్కిన గీతలను పోలుస్తారు. ఆయన పరిశోధన వల్ల వచ్చిన మందుల వరుసలోని మెథోట్రెక్సేట్‌ను మెదడులో పుట్టే లింఫోమాకు నేడు అధిక మోతాదులో ఇస్తున్నారు. ఇద్దరూ ఒకే వీధిలో ఎదురుపడే వారేమోనని ఊహించుకుంటే మాకు సంతోషం.

కుషింగ్ పేరు లోకంలో నిలిచిపోయింది 1932లో ఆయన ప్రకటించిన పన్నెండుమంది రోగుల కథతో. ఆ కథ మొదలు 1910 చివరిలో బాల్టిమోరుకు వచ్చిన ఇరవైమూడేళ్ళ యువతి. రష్యానుండి వలస వచ్చిన పిల్ల. ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట లావెక్కింది, కాళ్ళూచేతులూ సన్నబడ్డాయి, నెలసరి ఆగింది, చర్మంమీద ఊదా చారలు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ చిక్కుముడిని మనసులో పెట్టుకుని, ఆవగింజంత పిట్యూటరీ కణితే దీనికి మూలమని కుషింగ్ చెప్పారు. కార్టిసాల్‌ను కొలిచే పరీక్ష ఆయన కాలంలో లేదు. ఇప్పుడు ఉంది. ఎం.ఆర్.ఐ.లో కనబడనంత చిన్న కణితయితే, తొడనుండి సన్నని గొట్టాలు పంపి, పిట్యూటరీ నుండి దిగివచ్చే సిరలలోనే రక్తం తీసి హార్మోను కొలుస్తారు. ఆ పరీక్షకు మెరుగులు దిద్దిన ఓల్డ్‌ఫీల్డ్, డాప్‌మన్ బృందం మన పొరుగున ఉన్న బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలోనే పనిచేసింది. శస్త్రచికిత్స మరునాడో మూడోనాడో ఉదయం కార్టిసాల్ బాగా పడిపోతే కణితి పోయినట్టు శుభవార్త. వైద్యులు ఒక హార్మోను పడిపోయినందుకు సంతోషించడం విచిత్రమే గానీ, మిగిలిన మంచి గ్రంథి నిద్రలేచేదాకా మాత్రలతో నెట్టుకురావాలి. ప్రొలాక్టిన్ ఎక్కువగా స్రవించే కణితులలో చాలావాటికి మాత్రలే చాలు, కత్తి అక్కరలేదు. మా మిత్రునికి ఇప్పుడు ఆరునెలలకొకసారి ఐ.జి.ఎఫ్.-1 అనే రక్తపరీక్ష. ఆ కాగితం వచ్చిన రోజున వాళ్ళింట్లో పాయసం.

చెప్పుల కొలత పెరిగినా, ఉంగరం బిగిసినా, పక్కలనుండి వచ్చే బండి కనబడకపోయినా, పిల్లలకు పాలు మానిపించి ఏళ్ళయినా పాలు వస్తున్నా, పాత పెళ్ళి ఫోటో ఒకటి చేతపట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళవలసిందిగా మా మనవి. ఫోటో చూసి గుర్తుపట్టడం కుషింగ్ కూడా చేసినదే.

1932లో ఆయన బ్రిగం నుండి విరమించి, మరుసటి ఏడు యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. జీవితమంతా సేకరించిన అపురూప వైద్యగ్రంథాలను ఆ విశ్వవిద్యాలయానికే ఇచ్చారు. ఆయన దాచిన మెదళ్ళూ, రోగుల ఛాయాచిత్రాలూ తర్వాత చాలాకాలం విద్యార్థుల వసతిగృహం నేలమాళిగలో దుమ్ము పట్టి ఉండిపోయాయి. 2010లో వాటికి వైద్య గ్రంథాలయంలో చక్కని చోటు ఏర్పడింది.

1939 అక్టోబరు 7న కుషింగ్ గుండెపోటుతో న్యూ హేవెన్‌లో కన్నుమూశారు. మరణానంతరం ఆయన మెదడును పరీక్షించారు. లోపలి మూడవ కుహరంలో ఒక సెంటీమీటరు పరిమాణంలో చిన్న తిత్తి ఉన్నది.