గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (ఆగష్టు 29, 1863 - జనవరి 22, 1940) తెలుగులో వాడుక భాషా ఉద్యమ నాయకుడు, ఉపాధ్యాయుడు, బహుభాషావేత్త. ఈయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. గ్రాంథికవాదులతో ఆయన సాగించిన పోరాటం అందరూ ఎరిగినదే. అంతకుముందే సవర పిల్లలకు వారి భాషలోనే చదువు మొదలుపెట్టించడానికి ఆయన పడిన శ్రమకు మాత్రం అంత ప్రచారం రాలేదు.

బాల్యం, ఉద్యోగం

రామమూర్తి శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార తీరంలోని ముఖలింగ క్షేత్రం దగ్గర ఉన్న పర్వతాలపేటలో జన్మించాడు. తండ్రి వీర్రాజు చోడవరంలో ఉద్యోగం చేస్తూ విషజ్వరంతో మరణించాడు. రామమూర్తి విశాఖపట్నంలో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, 1880లో ముప్పై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించే ఉపాధ్యాయుడుగా చేరాడు. తరువాత అక్కడి కళాశాలలో కూడా పనిచేసి 1911లో పదవీ విరమణ చేశాడు. ముఖలింగ దేవాలయంలోని శాసనాలను తానే చదివి లిపి నేర్చుకొన్నాడు.

సవర పిల్లల చదువు

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో గాని ఒరియాతో గాని దానికి చుట్టరికం లేదు. అటువంటి ఇంటినుండి వచ్చిన బిడ్డను తెలుగు బడిలో కూర్చోబెడితే అక్షరాలు, తెలియని భాష, పాఠంలోని విషయం మూడూ ఒకేసారి మీద పడతాయి. ఉపాధ్యాయుడు చెప్పేది పిల్లవాడికి తెలియదు, పిల్లవాడు చెప్పేది ఉపాధ్యాయుడికి తెలియదు. దీనినే బుద్ధిమాంద్యంగా పొరబడడం సులభం.

రామమూర్తి ముందు తానే విద్యార్థి అయ్యాడు. తెలుగు, సవర భాషలు రెండూ వచ్చిన ఒక సవరను తన ఇంట్లోనే ఉంచుకొని ఆ భాష అభ్యసించాడు. కొండలలో తిరిగి మాటలు, కథలు, పాటలు సేకరించాడు. అప్పటికి సవరకు రాత లేదు. గొంతులో ఆగిపోయే కొన్ని ధ్వనులకు తెలుగులో అక్షరాలు కూడా లేవు. వాటిని విని, గుర్తించి, రాసే పద్ధతి ఏర్పరచి, పిల్లలకోసం సవర వాచకాలు రచించాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు కూడా తానే చెల్లించాడు. బడిపంతులు జీతంతో ఇంత చేయడం సామాన్యం కాదు.

ఈ తిరుగుళ్ళలో ఆయనకు మలేరియా సోకింది. విపరీతంగా వాడిన క్వినైను వలన వచ్చిన చెవుడు జీవితాంతం వదలలేదు. ధ్వనులను అంత సూక్ష్మంగా విన్న మనిషికి ఈ నష్టం చిన్నది కాదు. అయినా పని ఆపలేదు. మద్రాసు ప్రభుత్వం 1913లో ఆయనకు బిరుదు ఇచ్చింది. ఆయన ఆంగ్లంలో రచించిన సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర-ఆంగ్ల నిఘంటువు 1938లోను వెలువడ్డాయి.

వాడుక భాష

1907 ప్రాంతంలో పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె.ఎ.యేట్స్, తెలుగు బోధనలో పిల్లల నోటి భాషకు, పుస్తకాల భాషకు ఉన్న దూరాన్ని గమనించి ప్రశ్నించాడు. ఈ చర్చలోనికి రామమూర్తి, గురజాడ అప్పారావు వచ్చారు. ఇంట్లో తెలుగే మాట్లాడే బిడ్డకు కూడా బడి తెలుగు పరాయిదిగానే ఉండేది కాబట్టి, సవర బడిలో ఎదురైన చిక్కే మరో రూపంలో ఇక్కడా ఉన్నదనవచ్చు. స్కూలు ఫైనలు పరీక్షలో ఆధునిక భాషలో రాయడానికి లభించిన వెసులుబాటు, జయంతి రామయ్య పంతులు తదితరుల ప్రతిఘటన వలన 1914లో రద్దయింది. రామమూర్తి 1919లో తెలుగు అనే మాసపత్రికను ప్రారంభించి ఉద్యమం కొనసాగించాడు.

చివరి రోజులు, తరువాతి కాలం

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, దానిని వ్యతిరేకించిన రామమూర్తి అర్ధ శతాబ్దానికి పైగా నివసించిన ఊరును విడిచి రాజమండ్రి చేరాడు. నాలుగేళ్ళకు మద్రాసులో మరణించాడు. కుమారుడు గిడుగు వెంకట సీతాపతి కూడా సవర భాషపై కృషి చేశాడు.

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కోయ, లంబాడీ మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనను ప్రారంభించింది. వీటిలో లంబాడీ మన్యానికే పరిమితమైన భాష కాదు. పల్నాడులోని వెల్దుర్తి వంటి మండలాలలో కూడా తండా పిల్లలు ఇంట్లో ఆ భాష మాట్లాడుతూ, తెలుగు బడికి వెళ్తారు.