లార్డు ఆర్మ్‌స్ట్రాంగు చరిత్రము

ఓడరేవులయందును రైల్వే గూడ్సుషెడ్లయందును ఒక మనుష్యుడు చిన్న గదిలో గూర్చుండి మీటను కదల్పగా, టన్నులకొలది బరువు నేల విడిచి లేచి, కావలసిన చోట మెల్లగా వాలుచుండును. ఈ పనిని జీవనోపాధిగా గైకొనదలచు బాలురు మన పాఠశాలలలో లేకపోలేదు. అది వట్టి కూలిపని యని తలచు తలిదండ్రులును గలరు. అట్లు తలచుట సరికాదని చూపుటకై, నీటి ఒత్తిడిచే పనిచేయు క్రేనును నిర్మించిన విలియం జార్జి ఆర్మ్‌స్ట్రాంగు చరిత్రమును సంగ్రహముగ వ్రాయుచున్నాము.

ఆయన ఇంగ్లాండు దేశపు ఉత్తరభాగమున, టైను నదీతీరమందలి న్యూకాజిల్ పట్టణమున 1810 సం. నవంబరు 26వ తేదీని జన్మించెను. తండ్రి ధాన్యవర్తకుడు, పిమ్మట ఆ పట్టణమునకు మేయరు కూడ నయ్యెను. కుమారుడు బాల్యమున రోగపీడితుడై యుండెను. బిషప్ ఆక్లండు గ్రామరుస్కూలులో చదువుకొను దినములలో సమీపమందలి యొక యంత్రకర్మాగారమునకు తరచుగ పోయి పనిని చూచుచుండెడివాడు. కాని తండ్రి ఆయనను న్యాయవాదిని చేయ నిశ్చయించెను. ఆయన యెదురాడక న్యాయశాస్త్రము నభ్యసించి, 1835లో తన తండ్రి స్నేహితుని న్యాయకార్యాలయమున భాగస్వామి యయ్యెను. వృత్తి శ్రద్ధతోనే సాగెను. మనస్సు మాత్రము యంత్రములయందే లగ్నమై యుండెను.

ఆ కాలముననే ఆయన సెలవులకు పోయి, డెంటు లోయలో చేపలు పట్టుకొనుచు, ఒక చలువరాతి గనిలో నీటిచక్రము తిరుగుట చూచెను. అంత యెత్తునుండి పడు నీటి శక్తిలో ఇరువదవ వంతు మాత్రమే పనికివచ్చి, తక్కినదంతయు వ్యర్థమగుచున్నదని ఆయన లెక్క కట్టెను. ఆ నీటిని గొట్టములో బంధించి దాని ఒత్తిడిచేతనే పని చేయించిన నెట్లుండును? ఈ ప్రశ్న ఆయనను పదియేండ్లు విడువలేదు. పగలు దావాల కాగితములు, తీరిక వేళల యంత్రముల నమూనాలు. ఇట్లు కాలము గడచెను.

1845లో దూరపు జలాశయములనుండి న్యూకాజిల్‌కు మంచినీరు తెచ్చుటకు ఒక కంపెనీ యేర్పడెను. ఆర్మ్‌స్ట్రాంగు దానిలో ముఖ్యుడు. పట్టణపు పల్లపుభాగమందలి గొట్టములలో అవసరమునకు మించిన ఒత్తిడి యుండెను. ఆ ఒత్తిడిచే రేవునందలి యొక క్రేనును నడపెదనని ఆయన పురపాలక సంఘమునకు తెలిపి, అనుమతి పొంది, చెప్పినట్లే చేసి చూపెను. దాని పద్ధతి యిది: గొట్టపు నీరు ఇనుప సిలిండరులో జొరబడి పిస్టనును త్రోయును. పిస్టను కొద్దిదూరమే కదలినను, కప్పీలమీదుగ పోవు గొలుసు దానికి అనేక రెట్లు దూరము లాగబడును. నీటిని లోనికి విడుచుటకు, ఆపుటకు, బయటికి పంపుటకు ఒక మీట. అంతకుముందు పలువురు చేతులతో చక్రము త్రిప్పి యెత్తు బరువును ఇప్పుడొక్కడే యెత్తగలిగెను.

అయితే యంత్రము కుదిరినంతమాత్రమున జనులు నమ్మరు. లివర్పూలు రేవుల యింజనీరగు జెస్సీ హార్ట్లీ క్రొత్తవానిని సులభముగ ఒప్పుకొనువాడు కాడు. ఆయనను న్యూకాజిల్‌కు పోయి కన్నులార చూడుమని ప్రోత్సహించిరి. అక్కడ క్రేను నడపుచున్నవాడు జాన్ థోర్బరన్. రేవునందలివా రతనిని హైడ్రాలిక్ జాక్ అని పిలుచుచుండిరి. అతడు మీటను దినదినము పట్టి అసామాన్యమైన నేర్పు సంపాదించి యుండెను. హార్ట్లీ యెదుట అతడు బరువును వేగముగ క్రిందికి విడిచి, చటుక్కున ఆపి, యిటునటు త్రిప్పి, తాను కోరినట్లెల్ల ఆడించెను. హార్ట్లీ సందేహము తీరెను. 1848లో లివర్పూలు ఆల్బర్టు డాకున నీటి యంత్రములు నెలకొనెను. యంత్రమును కల్పించినవాడు ఆర్మ్‌స్ట్రాంగే; దానిని నమ్మించినది మాత్రము పనివాని చేయి. విద్యార్థులు దీనిని మరువరాదు.

1847లో, ముప్పదియారవ యేట, ఆర్మ్‌స్ట్రాంగు న్యాయవాదవృత్తిని విడిచి, ఎల్స్విక్ అను చోట కర్మాగారము స్థాపించెను. స్థిరమైన రాబడిని విడుచుట సాహసమే. 1850లో 45 క్రేనులు తయారయ్యెను. పిమ్మట సంఖ్య యింకను పెరిగెను. హంబరు నదీముఖమున ఒత్తిడిగల నీరు లేదు. నేల మెత్తనిది గాన ఎత్తైన నీటిగోపురము కట్టుట కష్టము. అప్పుడాయన గొప్ప సిలిండరులోని పిస్టనుపై మిక్కిలి బరువు నుంచి, ఆవిరియంత్రముచే నీటిని దానిలోనికి పంపి, ఒత్తిడిని నిలువచేయు సాధనమును కనుగొనెను. దానితో నీటిక్రేను ఏ రేవుననైనను పనిచేయగలిగెను. 1894లో తెరవబడిన లండను టవరు వంతెనను ఎత్తుటకు నీటి యంత్రములు సమకూర్చినదియు ఆయన కంపెనీయే.

ఆయన జీవితమున మెచ్చదగనివియు గలవు. క్రిమియా యుద్ధకాలమున ఫిరంగుల నిర్మాణమునకు దిగి, పిమ్మట పెక్కుదేశములకు ఆయుధములు, యుద్ధనౌకలు అమ్మి ధనవంతుడయ్యెను. 1871లో న్యూకాజిల్ యంత్రపనివారు దినమునకు తొమ్మిది గంటల పనిని కోరి సమ్మె చేసినప్పుడు, యజమానుల పక్షమున ముందు నిలిచెను. సుమారు ఐదు నెలలకు పనివారే గెలిచిరి. బరువు మోయువాని శ్రమను యంత్రముచే తగ్గించినవాడే, అతని పనిగంటలు తగ్గించుటకు ఒప్పుకొనకపోయెను! యంత్రము తనంతట న్యాయము చేయదు. మనుష్యులే దానిని న్యాయముగ వాడుకొనవలెను.

ఆయన తన క్రాగ్‌సైడ్ గృహమున నీటిశక్తిచే విద్యుద్దీపములు వెలిగించెను. జెస్మండు లోయను పురజనులకు ఉద్యానవనముగ నిచ్చెను. 1887లో ప్రభుపదవి పొంది, 1900 సం. డిశంబరు 27వ తేదీని పరమపదించెను. సంతానము లేదు.

నేటి ఫోర్కులిఫ్టు భుజములు పైకి లేచుట కూడ ద్రవపు ఒత్తిడిచేతనే; నీటికి బదులు నూనె వాడుదురు. దానిని నడపువాడు బండిమీది పలకపై వ్రాసిన పరిమితిని చదువవలెను. బరువు ముందుచక్రములకు దూరమైనకొలది బండి బోర్లపడు ప్రమాదము పెరుగునని యెరుగవలెను. ఎత్తిన బరువు క్రింద ఎవ్వరును లేరని చూచుకొనవలెను. ఇందు గణితమును కలదు, ప్రకృతిశాస్త్రమును కలదు, పొరుగువాని ప్రాణముపట్ల శ్రద్ధయును కలదు. కావున మీలో నెవరైనను ఆ మీట పట్టదలచితిరేని సిగ్గుపడవలదు. తలిదండ్రులు చిన్నబుచ్చుకొనవలదు. థోర్బరన్ వలె నేర్పు పెంచుకొనుడు. ఆర్మ్‌స్ట్రాంగు వలె పదియేండ్లయినను ఒక ప్రశ్నను విడువకుడు.