న్యాయాధిపతి ఆల్ట్‌గెల్డు

న్యాయాధిపతులను ప్రజలు ఓట్లతో ఎన్నుకొనుట మేలా, కీడా యను వివాదము అమెరికా రాష్ట్రములలో నేటికిని తీరలేదు. ఓటు కోరినవాడు ఓటరునకు వెఱవక తీర్పు చెప్పగలడా యను శంక నిరాధారము కాదు. అట్లని, దొరతనమువారు నియమించిన న్యాయాధిపతులు మనవారికి విధించిన రాజద్రోహశిక్షలను మఱవని మాకు నియామకమే మేలనుటకు నోరాడదు. ఇలినాయి రాష్ట్రపు జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డు చరితము ఈ సందర్భమున స్మరణీయము.

ఆయన 1847లో జర్మనీలో పుట్టి, శిశువుగానే ఓహాయో చేరెను. తండ్రి బీదకృషీవలుడు. పదునాఱవ యేట ఉత్తరసేనలో చేరి అంతర్యుద్ధమున పనిచేసెను. పిదప బడిపంతులై, కూలియై, మిస్సోరీలో వకీలై, 1875లో షికాగో చేరెను. అచట భూముల క్రయవిక్రయములవలన ధనికుడయ్యెను. ధనము వచ్చినను బీదల గతిని మఱవలేదు. చెఱసాలలు నేరమును మాన్పకపోగా పెంచుచున్నవని వాదించుచు 1884లో గ్రంథము ప్రకటించెను.

1886లో కుక్ కౌంటీ సుపీరియర్ కోర్టు న్యాయాధిపతిగా ఎన్నికయ్యెను. పేరు ఘనమైనను అది సాక్ష్యము విని విచారణ జరుపు తొలికోర్టే. ఆ యేటి మే 4న షికాగోలోని హేమార్కెట్టువద్ద కార్మికసభను పోలీసులు చెదరగొట్టబోగా బాంబు పడెను. ఏడుగురు పోలీసులు మరణించిరి. విసరినవాడెవడో నేటికిని తేలలేదు. అయినను ఎనమండ్రపై హత్యానేరము మోపిరి. విచారించిన జోసెఫ్ గేరీ ఆ సుపీరియర్ కోర్టు న్యాయాధిపతియే. 1887 నవంబరు 11న నలుగురిని ఉరితీసిరి. అంతకు ముందునాడే ఒకడు చెఱలో ప్రాణము తీసికొనెను. ముగ్గురు చెఱలో మిగిలిరి. ఆనాడు ఆల్ట్‌గెల్డు బహిరంగముగా నోరు విప్పలేదు. ఆ మౌనము మాకు రుచింపదు.

1891లో పదవి వదలి, మఱుసటి యేట గవర్నరుగా ఎన్నికయ్యెను. క్లారెన్సు డారో మొదలగు మిత్రులు ఆ ముగ్గురిని విడువుమని తొందరపెట్టిరి. దయతో విడిచితినని రెండు ముక్కలు వ్రాసియుండినచో గొడవ యింత పెరిగియుండదు. ఆయన అట్లు చేయక, విచారణ కాగితములన్నియు చదివి, 1893 జూన్ 26న విడుదల చేయుచు సుదీర్ఘమైన కారణపత్రమును ప్రకటించెను. శిక్షింపదలచినవారినే జూరీగా ఏరికూర్చిరనియు, నేరము రుజువు కాలేదనియు, న్యాయాధిపతి పక్షపాతముతో విచారించెననియు అందు నిష్కర్షగా చెప్పెను. ఒకప్పటి తోడి న్యాయాధిపతినే బోనెక్కించినట్లాయెను!

పత్రికలు ఆయనను అరాజకవాది యని దూషించినవి. 1894 పుల్‌మన్ సమ్మెలో అధ్యక్షుడు క్లీవ్‌లండు షికాగోకు సైన్యమును పంపగా, ఆల్ట్‌గెల్డు ఆక్షేపించి మఱింత ద్వేషమునకు గురియయ్యెను. 1896 ఎన్నికలో ఓడెను; ఆస్తియు కరగిపోయెను. 1902 మార్చిలో జోలియెట్ నగరమున, ఆంగ్లేయులతో పోరుచున్న బోయరుల పక్షమున ఉపన్యసించి, ఆ రాత్రియే కుప్పకూలి మఱునాడు మరణించెను.

గేరీ మాత్రము 1906లో కన్నుమూయువఱకు ఆ న్యాయపీఠముననే యుండెను. ఓటర్లు ఆయనను మఱల మఱల ఎన్నుకొనిరి.