ఎర్ర అట్టల పుస్తకములు — హంఫ్రీ రెప్టన్

కొలతలతో గీచిన పటమును చూచి, రానున్న కట్టడమును కన్నులకు కట్టించుకొనగలవారు అరుదు. తొలిసారి ఇల్లు కట్టదలచిన గృహస్థు ఎదుట శిల్పి అట్టి కాగితమును పరచినచో, ఆతడు తల ఊపును; కాని మనస్సున ఏ రూపమును నిలువదు. తీరా గోడలు లేచిన పిమ్మట, తాను కోరినది ఇది కాదని విచారించును. ఈ చిక్కును గ్రహించి, చేయబోవు మార్పును ముందుగనే చిత్రమున చూపుటకు ఒక క్రమమును ఏర్పరచినవాడు ఇంగ్లండు దేశీయుడగు హంఫ్రీ రెప్టన్.

రెప్టన్ 1752లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణమున జన్మించెను. తండ్రి సుంకముల వసూలు ఉద్యోగి. కుమారుడు వర్తకుడు కావలెనని ఆయన బాలుని హాలండునకు పంపి డచ్చి భాష నేర్పించెను. నార్విచ్ నగరమున బట్టల వ్యాపారమున ప్రవేశపెట్టెను. కాని బాలుని మనస్సు చిత్రలేఖనముమీద, వేణువుమీద ఉండెను. వ్యాపారము నిలువలేదు. పల్లెలో కాపురము, ఐర్లండులో కొలదికాలపు కార్యదర్శి పదవి, తపాలా బండ్ల పథకమున పెట్టుబడి, ఒకదాని వెనుక ఒకటి గడచిపోయెను. పెట్టుబడి నష్టమయ్యెను. 36 ఏండ్ల వయస్సున, భార్యాబిడ్డలతో, ఎసెక్స్ మండలమునందలి హేర్ స్ట్రీట్ గ్రామపు చిన్న ఇంట మిగిలిన ఆతనికి చేతనున్న విద్య బొమ్మలు వేయుట ఒక్కటియే.

ఉద్యానశిల్పమున మేటియగు బ్రౌన్ 1783లో మరణించెను. ఆ స్థానము ఖాళీగా నున్నదని రెప్టన్ గమనించి, 1788లో తన పరిచయస్థులందరికి ఉత్తరములు వ్రాసి, క్రొత్త వృత్తిని ప్రకటించెను. నార్విచ్ సమీపమునందలి కాటన్ ఆతనికి దొరకిన తొలి పని.

ఆతని పద్ధతి యిట్టిది. భూస్వామి పిలిచినచో మొదట ఆ స్థలమునకు పోయి, యజమానితో కలిసి తిరిగి, కోరికలను వినును. పిమ్మట కోణములు కొలుచు యంత్రముతో నేలను కొలిచి, ముఖ్యమైన చోట్ల నిలిచి ఉన్నది ఉన్నట్లు చిత్రించును. ఇంటికి తిరిగి వచ్చి, ఏ చెట్టు తీయవలెనో, బాట ఎట్లు మలుపవలెనో, ఇల్లు ఎటు చూడవలెనో కారణములతో సహా చక్కని దస్తూరితో వ్రాయును. దానిని ఎర్రని తోలు అట్టతో కట్టించి యజమానికి పంపును. వీనికే ఎర్ర పుస్తకములని పేరు వచ్చెను. కొన్నింటి అట్టలు ఎర్రనివి కాకున్నను ఆ పేరే నిలిచినది.

పుస్తకపు ప్రాణమంతయు ఒక చిన్న కాగితపు రెప్పలో ఉండెను. చిత్రముపై ఆ రెప్ప వాలియున్నప్పుడు నేటి స్థితి కనిపించును: బురదనేల, మొండికంచె, మూసికొన్న దృశ్యము. దానిని ఎత్తగనే తటాకము, పచ్చికబయలు, వంపు తిరిగిన బాట. దూరములు తెలియుటకు మనుష్యులను, పశువులను తగిన పరిమాణమున చిత్రించెడివాడు. పటము చదువరాని జమీందారునకు సైతము బోధపడకుండునా!

అయితే ఈ ఉపాయమున ఒక లోపము లేకపోలేదు. బ్రౌన్ పనిని తానే గుత్తకు తీసికొని పూర్తిచేయించి లాభము పొందెడివాడు. రెప్టన్ సలహాకును పుస్తకమునకును మాత్రమే రుసుము పుచ్చుకొనెను. దినమునకు 5 గినీలని జేన్ ఆస్టిన్ 1814 నాటి నవలలో సైతము ఆతని రేటు కనిపించును. పుస్తకము చేతికి వచ్చినంతనే యజమానులు అతిథులకు చూపి మురియుచు, పనిని సగము చేయించియో, అసలు చేయింపకయో ఊరకుండిరి. చిత్రము అంత అందముగా నుండుటయే పనికి అడ్డమాయెనేమో!

పెద్ద ఆశాభంగము బ్రైటన్‌లో జరిగినది. భారతదేశపు కట్టడములను డేనియల్ చిత్రకారులు గీచిన బొమ్మలలో చూచియు, కంపెనీ కొలువు చేసి వచ్చిన కాకరెల్ దొర సెజిన్‌కోట్ భవనపు పనిలో సలహా లిచ్చియు, రెప్టన్ ఆ రీతిపై మక్కువ పెంచుకొనెను. 1806లో యువరాజు భవనమునకు హిందూదేశపు రీతిలో చిత్రములు సమర్పించెను. అవి 1808లో అచ్చయ్యెను. కాని పని ఆతనికి దక్కలేదు. కొన్నాళ్లకు అది ఒకప్పటి తన భాగస్వామియగు జాన్ నాష్‌కు పోయెను.

1811 జనవరిలో కుమార్తెలతో విందునుండి వచ్చుచుండగా బండి బోల్తాపడి ఆతని వెన్నెముక దెబ్బతినెను. నాటినుండి చక్రముల కుర్చీయే గతి. అయినను మరుసటి యేడు షెరింగ్‌హామ్ పుస్తకమును రచించెను. తన పనులన్నిటిలో ఆతనికి అది మిక్కిలి ప్రియమైనది. నేటికిని ఆ వనమును చూడవచ్చును.

1816లో ప్రచురించిన తుది గ్రంథమున రెప్టన్ తన చిన్న ఇంటినే చిత్రించెను. రెప్ప క్రింద నున్నది గులాబీల తోట. రెప్పమీద నున్నది వీధి, మాంసపు దుకాణము, కంచెకు ఆనుకొని నిలిచిన బిచ్చగాడు. కొద్దిపాటి నేలను తోటలో కలుపుకొని, ఆ దృశ్యమును మొక్కలతో మరుగుపరచెను. బిచ్చగాడు ఎటు పోయెనో చిత్రము చెప్పదు.

1818 మార్చిలో ఆతడు మరణించెను. కోరిక ననుసరించి ఐల్‌షామ్ చర్చి ప్రక్కన సమాధి చేసి, దానిపై గులాబీలు నాటిరి.