కావలి వేంకట రామస్వామి

మన శంషాబాదున 2008వ సంవత్సరమున విమానాశ్రయము తెరువబడిన తరువాత నానా జిల్లాల కుటుంబములు ఈ చుట్టుపట్లకు వచ్చి స్థిరపడినవి. అందుచేత క్రిస్మసు దినములలో మా బల్లమీద సకినాల ప్రక్కను పూతరేకులు, అరిసెల ప్రక్కను కజ్జికాయలు చేరుచున్నవి. తల్లులొకరినొకరు పాకము అడిగి తెలిసికొని, నోటుపుస్తకములలో వ్రాసికొని, ఎవరు చెప్పినది వారి పేరును ప్రక్కన వ్రాయుదురు. చిన్న విషయమే, కాని దీనికి గొప్ప వంశవృక్షము కలదు.

ఆంగ్లదేశమున ఎలినరు ఫెట్టిప్లేసను దొరసాని కొక వ్రాతపుస్తకముండెను. దానిపై 1604 అని సంవత్సరము వేయబడియున్నది. అందు వంటలును మందులును కలిసియున్నవి. బంధువులు, ఇరుగుపొరుగువారు ఇచ్చిన విధానములు వారి పేర్లతోనే చేర్చబడినవి. సర్ వాల్టరు రాలీ పేర నొక పొగాకు పానకముకూడ నందు గలదు. ఆ పుస్తకము చివరకు ఆమె మేనగోడలికి సంక్రమించెను. అట్టి పుస్తకమునకు కర్త యెవరని యడిగిన నేమి చెప్పగలము? ఒక యింటివా రనవలెను, లేదా ఒక యూరివా రనవలెను.

మన తెలుగువారిలో పాకశాస్త్రమును ఇంగ్లీషున అచ్చొత్తించిన కావలి వేంకట రామస్వామి చరిత్రము నీ దృష్టితో చదువదగియున్నది.

కావలివారు ఏలూరు ప్రాంతపు నియోగులు. అన్నదమ్ములలో బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను మువ్వురు ప్రసిద్ధులైరి. స్కాట్లండునుండి 1783లో మన దేశమునకు వచ్చిన కాలిన్ మెకంజీ యను సైనికోద్యోగి, తరువాతి దశకమున నిజాము రాజ్యమున భూమి కొలతలు చేయుచు తిరిగెను. ఆయనకు శాసనములన్నను పాతవ్రాతలన్నను ఆశ మెండు. భాషలు మాత్రము రావు. ఆ కొఱతను తీర్చినవాడు బొఱ్ఱయ్య. యువకుడైన యితడు మెకంజీకి దుబాసియై, పండితులను కూర్చి, ఊరూర కరణములను, పూజారులను, వృద్ధులను పలుకరించి వ్రాతలు సేకరించు పద్ధతి నేర్పఱచెను. పురాతన కన్నడ శాసనముల లిపిని చదివి యర్థము చెప్పెను. 1803లో, ముప్పదియేండ్లైనను నిండకమునుపే, కాలధర్మము నొందెను.

అతని మరణానంతరము ఏషియాటిక్ రిసెర్చెస్ తొమ్మిదవ సంపుటమున జైనులనుగూర్చి యొక వ్యాసము వెలువడెను. దాని శీర్షికనే చూడుడు: ముడిగెరెలోని యొక జైన పురోహితునివలన సేకరింపబడినది, దానిని భాషాంతరీకరించినవాడు బొఱ్ఱయ్య, చేయించినవాడు మెకంజీ. మూడు చేతులు నచ్చటనే కనబడుచున్నవి! కాని పురోహితుని పేరు శీర్షికలో లేదు. పేరు నిలుచుటకు ఎవరెవరికి అవకాశము కలిగినదో, ఎవరికి కలుగలేదో ఇక్కడనే తెలియుచున్నది.

అన్న స్థానమును లక్ష్మయ్య వహించెను. 1815లో మెకంజీ భారతదేశపు ప్రథమ సర్వేయరు జనరలుగా నియమింపబడి, పిదప తన సేకరణమంతయు కలకత్తాకు తరలించెను. 1821 మే 8వ తేదీన మృతుడయ్యెను. ఆయన భార్యవద్దనుండి ఆ సేకరణమును ప్రభుత్వము 10,000 పౌనులకు కొనెను. మన కైఫియత్తు లందులోనివే. గ్రామ గ్రామమున నోరు విప్పి చెప్పినవారి సంగతి ఆ క్రయమున ఎక్కడను రాలేదు.

రామస్వామి ఆ శాఖలో ప్రధాన భాషాంతరకర్తగను పండితుడుగను పనిచేసినవాడు. దొర గతించిన పిమ్మట ఈతడు తన పేరుతోనే గ్రంథములు ప్రకటింపసాగెను. 1825లో విశ్వగుణాదర్శమును ఇంగ్లీషు చేసెను. 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవితములను ప్రకటించెను. సంస్కృతము, తెలుగు, తమిళము మొదలగు భాషల కవు లందు గలరు, అవ్వయ్యారు కలదు. ఆ మహనీయుల నడుమ తన యన్న బొఱ్ఱయ్యకును ఈతడు చోటిచ్చెను. భ్రాతృపక్షపాతమని కొందఱనవచ్చును. నాకట్లు తోచదు. పరుల పుస్తకములలో సహాయకుడుగా మిగిలిపోయినవానికి తమ్ముడు గాక మఱెవ్వరు చరిత్రము వ్రాయుదురు?

1836లో ఈతని పాకశాస్త్రము వెలువడెను. సూపశాస్త్రమనునది దాని రెండవ పేరు. హిందువుల వంటలను ఇంగ్లీషు చదువరులకు తెలుపుటకు, మూలమునుండి కూర్చి భాషాంతరీకరించిన గ్రంథమది. కవుల చరిత్ర వ్రాసిన కలము పప్పును, పులుసును వ్రాయుటకు సిగ్గుపడలేదు. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. వంట యేనాడును కలమునుండి పుట్టలేదు. ఉప్పు ఎప్పుడు వేయవలెనో, పోపు ఎప్పుడు దింపవలెనో నేర్పినవారు వంటశాలలలోనివారు. ముఖపత్రమున పేరు రామస్వామిదే. మెకంజీ సేకరణమున బొఱ్ఱయ్యకు కలిగిన లోపమే, తమ్ముని గ్రంథమున వంటవారికి కలిగినది.

అదే 1836లో మఱియొకటి జరిగినది. మెకంజీ పనిని తాను కొనసాగించెదనని లక్ష్మయ్య చేసికొన్న ప్రార్థనను ప్రభుత్వము బెంగాలు ఏషియాటిక్ సొసైటీ యభిప్రాయమునకు పంపెను. జేమ్సు ప్రిన్సెపు కార్యదర్శిగా నున్న ఆ సంఘము, ఈ దేశీయుడు సహాయకుడుగా తగునుగాని అట్టి కార్యమునకు నాయకుడుగా తగడని తలచెను. ముప్పది సంవత్సరములకు పైగా ఆ పని చేసినవాని గూర్చి యీ తీర్పు! ఆ కాగితముల పరిశీలనము పిదప రెవరెండు విలియం టేలరను మిషనరీకి అప్పగింపబడెను. టేలరు కష్టించి పనిచేసినమాట నిజమే. కాని మనము మిషను పాఠశాలలోనివారమగుటచేతనే ఈ సంగతి దాచక చెప్పుకొనవలెను.

మా తల్లి విడిచిపోయిన వంట పుస్తక మొకటి నాయొద్ద నున్నది. నూనెమరకలతో సగము పుటలు అంటుకొని పోయినవి. ఆవకాయ కొలతల యెదుట సుందరమ్మ వదిన అని వ్రాసియున్నది. ఆ సుందరమ్మ యెవరో చెప్పగలవారు మా యింట నిప్పు డెవ్వరును లేరు. ఆవకాయ మాత్రము ఏటేట ఆ కొలతతోనే పెట్టుచున్నారము.