సర్ రోనాల్డ్ రాస్ : జ్వరము కొందరికే యేల వచ్చును?

ఒకే వీథిలో నివసించుచు, ఒకే గాలి పీల్చుచు, ఒకే నీరు త్రావుచున్న రెండు కుటుంబములలో ఒక కుటుంబమువారు చలిజ్వరముతో మంచము పట్టుదురు. రెండవవారు నిశ్చింతగా నుందురు. ఒకే తల్లి బిడ్డలలో ఒకడు వణకుచుండగా మరియొకడు ఆటలాడుకొనుచుండును. ఇట్లేల జరుగునని మానవులు అనాదిగా ప్రశ్నించుకొనుచు వచ్చిరి. కొందరు గ్రహచారమనిరి, కొందరు గ్రామదేవత ఆగ్రహమనిరి, కొందరు రోగి చేసిన పాపమునకు ఫలమనిరి. పండితులు చెడుగాలి యనిరి. మలేరియా యను పేరునకు ఇటలీ భాషలో చెడుగాలి యనియే అర్థము. ఈ చిక్కుముడిలో మొదటి ముడి విడిపోయినది మన సికింద్రాబాదులోనే. దానిని విప్పిన రోనాల్డ్ రాస్ చరిత్రము మన బాలబాలికలు తప్పక తెలిసికొనదగినది.

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోడాలో జన్మించెను. తండ్రి భారత సైన్యమున సేనాని. ఎనిమిదవ యేట బాలుడు విద్యార్థియై ఇంగ్లండునకు పంపబడెను. అతని మనస్సు కవిత్వమునందును, సంగీతమునందును, చిత్రలేఖనమునందును లగ్నమై యుండెను. వైద్యుడు కావలెనన్నది తండ్రి కోరికయే గాని కుమారుని కోరిక కాదు. లండనులోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో అతడు సామాన్య విద్యార్థిగానే చదివి, 1881లో భారత వైద్యసేవయందు ప్రవేశించెను. తొలి సంవత్సరములలో అతని తీరిక కాలమెల్ల పద్యములు, నవలలు వ్రాయుటయందును, గణితశాస్త్ర పఠనమునందును గడచెను. ఇతడు లోకమునకు మహోపకారి కాగలడని నాడెవ్వరును ఊహింపలేదు.

1883లో బెంగుళూరునందు తన బసలో దోమల బాధ మిక్కుటముగా నుండుట చూచి, కిటికీ చెంత నున్న నీటి తొట్టియే వాటి పుట్టినిల్లని రాస్ గ్రహించెను. తొట్టిలోని నీరు పారబోయించినంతనే దోమలు తగ్గెను. ఇది చిన్న సంగతియే. అయినను పిమ్మట అతని జీవితకార్యమంతయు దీనినుండియే పెరిగినదని చెప్పవచ్చును.

ఇంతకు ముందే, 1880లో, లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో జ్వరరోగుల రక్తమునందు మిక్కిలి చిన్నవగు జీవులను సూక్ష్మదర్శిని సాయమున కనుగొనెను. కాని ఆ జీవి రక్తములోనికి ఏ దారిని వచ్చుచున్నదో తెలియలేదు. 1894లో రాస్ సెలవుపై లండనునకు పోయినప్పుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు అతనికి ఆ జీవిని చూపి, దోమలకును ఈ జ్వరమునకును సంబంధము కలదని తన ఊహను తెలిపెను. రోగి రక్తము పీల్చిన దోమ నీటిలో చచ్చుననియు, ఆ నీరు త్రావినవారికి జ్వరము వచ్చుననియు మాన్సన్ తలంచెను. ఊహలో సగము నిజము, సగము పొరపాటు.

1895లో సికింద్రాబాదు దండులో వైద్యుడుగా నున్న రాస్ ఈ ఊహను పరీక్షింపబూనెను. రోగిని కుట్టిన దోమలు చచ్చిన నీటిని, లక్ష్మణుడను మనుష్యుని యొప్పించి త్రావించెను. కొన్ని దినములకు అతనికి స్వల్పముగా జ్వరము వచ్చి తగ్గిపోయెను. ఇంక నేమి, రహస్యము తెలిసినదని తలంచుటకు చాలినంత ఆశ కలిగెను. కాని అట్టి నీరు త్రావిన ఇతరులయందు అదే ఫలము కానరాలేదు. ఒక్కని జ్వరము సాక్ష్యము కానేరదని రాస్ తెలిసికొనెను. విద్యార్థులు ఈ ఘట్టమును శ్రద్ధగా గమనింపవలెను. మనకు ప్రియమైన ఊహను సమర్థించు సంగతి యొకటి కనబడినప్పుడు ఆగి, సమర్థింపని సంగతులను గూడ లెక్కించుటయే శాస్త్రజ్ఞుని ధర్మము.

పిమ్మట అతడు బెంగుళూరునకు కలరా నివారణకై పంపబడెను. 1897లో నీలగిరుల ప్రాంతమున జ్వరపు లోయలను పరిశీలించుచుండగా తానే మలేరియాకు లోనయ్యెను. కోలుకొని సికింద్రాబాదునకు తిరిగి వచ్చి బేగంపేటయందు మరల పని ప్రారంభించెను. అంతవరకు అతడు కోసి చూచిన దోమలు బూడిదరంగువి, చారలవి. వాటిలో నేమియు దొరకలేదు. చివరకు రెక్కలపై మచ్చలు గల గోధుమవన్నె దోమలు కొన్ని లభించెను. హుసేన్ ఖాన్ అను జ్వరరోగి వాటిచేత కుట్టించుకొనుట కంగీకరింపగా, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున రాస్ అతనికి చెల్లించెను.

అది ఆగస్టు మాసము. ఉక్క దుర్భరముగా నుండెను. పంకా వేసినచో దోమలు ఎగిరిపోవునని దానిని మాన్పించెను. చెమటచే సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టెను. దాని అద్దము పగిలి యుండెను. కన్నులు మసకబారుచున్నను అతడు పని విడువలేదు. 1897 ఆగస్టు 20వ తేదీన మిగిలిన కొలది దోమలలో నొకదానిని కోసి చూడగా, దాని జీర్ణకోశపు గోడయందు నల్లని రేణువులు గల గుండ్రని కణములు కనబడెను. ఆ రేణువులు మలేరియా జీవికి గుర్తులు. మరునాడు మరియొక దోమయందు అవే కణములు మరింత పెరిగి యుండెను. నేటికిని ఆగస్టు 20వ తేదీ ప్రపంచ దోమల దినముగా పాటింపబడుచున్నది.

అంతలోనే బదిలీ ఉత్తరువు వచ్చి పని ఆగెను. 1898లో కలకత్తాలో, మనుష్యులకు మారుగా పక్షుల మలేరియాను పరిశోధించుచు, మహమ్మద్ బక్స్ అను సహాయకుని తోడ్పాటుతో, ఆ జీవి దోమ జీర్ణకోశమునుండి లాలాగ్రంథులకు చేరి, కాటుతో పక్షి రక్తమున ప్రవేశించునని రాస్ ఋజువు చేసెను. మానవుల మలేరియాను అనాఫిలిస్ జాతి దోమలే మోయునని ఆ యేడే గ్రాసీ మొదలగు ఇటలీ పండితులు నిరూపించిరి. ఎవరు ముందన్న వివాదము రాస్ మనస్సును చిరకాలము కలతపెట్టెను. మహనీయులకును ఇట్టి బలహీనతలు కలవు. 1902లో అతనికి నోబెల్ బహుమానము లభించెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో అతడు దివంగతుడయ్యెను.

మరి జ్వరము కొందరికే యేల వచ్చును? రాస్ ఇచ్చిన సమాధానము మొదటిది: దోమలన్నియు ఒకటి గావు, ఆడ అనాఫిలిస్, అదియును రోగి రక్తము పీల్చినదియే, వ్యాధిని తెచ్చును. తరువాతి పండితులు మరికొన్ని కారణములను చేర్చిరి. పలుమారులు మలేరియాకు గురియైన వారి దేహమునకు కొంత ఓర్పు అలవడును. కనుకనే మన్యపు జ్వరము కొండవారిని అంతగా చంపక, పల్లపు ప్రాంతములనుండి పోయినవారిని కూల్చుచుండెను. 1879లో మొదలైన రంపా తిరుగుబాటు కాలమున సిపాయిలను జ్వరమే మిక్కిలి బాధించెను. పసిబిడ్డలకును గర్భిణులకును ఈ ఓర్పు తక్కువ. రక్తము యొక్క స్వభావము మరియొక కారణము. తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రము కొడవలి కణముల గుణము సంక్రమించిన వారికి ప్రాణాంతకమగు మలేరియానుండి రక్షణ కలుగునని ఆలిసన్ అను పండితుడు 1954లో వెల్లడించెను. ఇరువురినుండి సంక్రమించినచో ఆ గుణమే కఠినవ్యాధి యగును. ఒకరికి కవచమైనది మరియొకరికి భారమగుట యెంత విచిత్రము! మన ఆదివాసులలో ఈ గుణము గలవారు పలువురు కలరు.

ఇది మన వీథులకు దూరమైన సంగతి కాదు. సరూర్‌నగరు చెరువును, మూసీ మురుగును చూచి, దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు వాసులు జ్వరములన్నియు అచ్చటినుండియే వచ్చుచున్నవని తలంతురు. కాని మురుగునీట ముఖ్యముగా పెరుగునది క్యూలెక్సు దోమ. అది మలేరియాను గాని, డెంగ్యూను గాని మోయదు. పట్టణపు మలేరియా దోమ మిద్దెలపైని మూతలేని నీటి తొట్లలోను, బావులలోను పెరుగును. పగటివేళ కుట్టు డెంగ్యూ దోమ కూలర్లలోను, పాత టైర్లలోను, పూలకుండీల క్రింది పళ్లెములలోను నిలిచిన నీట పుట్టును. కావున ఒక యింట తొట్టికి మూత యుండుట, పొరుగింట లేకుండుట, ఈ కొంచెపు భేదమే ఒకరి ఆరోగ్యమునకును మరియొకరి వ్యాధికిని కారణము కావచ్చును. డెంగ్యూలో నాలుగు రకములు కలవు. ఒక రకము వచ్చి పోయినవారికి వేరొక రకము సోకినచో తీవ్రరూపము దాల్చు అపాయము హెచ్చు.

నల్లకుంటలోని జ్వరాసుపత్రికి రాస్ పేరే పెట్టబడినది. అచ్చట మంచము పట్టిన బిడ్డ పాపియు కాడు. ఇంట ఆటలాడుకొను బిడ్డ పుణ్యాత్ముడును కాడు. కనుక రోగిని నిందించుట అజ్ఞానము. జ్వరము వచ్చినంతనే రక్తపరీక్ష చేయించుట, వైద్యుడిచ్చిన మందును నడుమ మానక వాడుట, దోమతెర కట్టుట, వారమున కొక దినము ఇంటి చుట్టునున్న నిలువనీరు పారబోయుట మన చేతిలోని పనులు. తన వంతు నీటి తొట్టిని రాస్ 1883లోనే పారబోయించెను. విద్యార్థులారా, మీ యింటిమీది తొట్టికి మూత కలదో లేదో ఈ సాయంకాలమే చూచి రండు.