కొరత రాకముందే లెక్క వేసినవాడు

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి పంజాగుట్ట, ఎర్రమంజిల్ దాటితే ఖైరతాబాద్ వచ్చేస్తుంది. ఈ కాస్త దూరంలోనే నీటిపారుదల శాఖ వాళ్ల జలసౌధ, కరెంటోళ్ల విద్యుత్ సౌధ ఉన్నాయి. ఏఈ, ఏఈఈ ఉద్యోగాల కోసం చదివేవాళ్లకు ఈ రెండు భవనాలూ బాగా తెలిసినవే. ఖైరతాబాద్ కూడలిలో తలపాగాతో ఉన్న విగ్రహాన్నీ రోజూ చూస్తూనే ఉంటారు. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. సెప్టెంబరు 15న ఆయన పుట్టినరోజును దేశమంతా ఇంజినీర్స్ డేగా జరుపుకుంటుంది. అది చాలామందికి తెలుసు. అయితే నీళ్లు, కరెంటు చాలని చోట ఆయన ఏం చేశాడన్నది తెలిసినవాళ్లు తక్కువ.

2012, 2013 వేసవుల్లో మన దగ్గర కరెంటు కోతలు ఎలా ఉండేవో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. పరిశ్రమలకు పవర్ హాలిడేలు, పల్లెల్లో గంటల తరబడి కోతలు, సిటీలో షాపుల ముందు జనరేటర్ల మోత. కొరత అనగానే స్టేషన్లు చాలట్లేదు, ఇంకోటి కట్టాలి అనుకుంటాం. విశ్వేశ్వరయ్య ఆలోచన వేరు. మంచి రోజుల్లో ఎంత ఇస్తున్నామన్నది కాదు, చెడ్డరోజు కోసం ఎంత దాచామన్నదే ఆయన లెక్క.

ట్యూషన్లు చెప్పి చదువు

ఆయన పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఆ కుటుంబం మైసూరు రాజ్యానికి వలస వెళ్లినా ఊరి పేరు ఇంటిపేరుగా మిగిలింది. ఆయన పుట్టింది చిక్కబళ్లాపూర్ దగ్గర ముద్దెనహళ్లిలో. తండ్రి సంస్కృత పండితుడు. ఆస్తి అంతంతమాత్రమే. ఆ తండ్రి కూడా చిన్నప్పుడే పోయాడు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూ పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఖర్చులు గట్టెక్కించుకున్నాడు. మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇవ్వడంతో పుణె వెళ్లి ఇంజినీరింగ్ చదివాడు. 1883లో ఫస్ట్ ర్యాంకుతో పాసై, మరుసటి ఏడాదే బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజినీర్ అయ్యాడు.

ఆ ఉద్యోగంలో ఉండగా పుణె దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకు ఆటోమేటిక్ గేట్లు తయారుచేశాడు. 1903లో వాటిని అమర్చారు. కట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలుస్తుంది. వరద మరీ పెరిగితే గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి. ఉన్నదాంట్లోనే ఇంకాస్త దాచుకోవడం ఎలా అన్నది ఆయనకు అప్పుడే పట్టుబడింది.

1908లో ఆ ఉద్యోగం వదిలేశాడు. భారతీయుడికి చీఫ్ ఇంజినీర్ కుర్చీ దక్కడం కష్టమని ఆయనకు అర్థమైపోయింది. విదేశాలు చూస్తూ తిరుగుతున్న సమయంలో హైదరాబాద్ నుంచి పిలుపు వచ్చింది.

మూసీ అడిగిన లెక్క

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలమంది చనిపోయారు, నగరంలో పెద్ద భాగం నేలమట్టమైంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వ సలహాదారుగా వచ్చిన విశ్వేశ్వరయ్య ముందు చేసింది డేటా పోగుచేయడం. ఎగువన ఎన్ని చెరువులున్నాయి, ఎన్ని తెగాయి, ఎక్కడ ఎంత వాన పడింది? చుట్టుపక్కల ప్రాంతాల వర్షపాతం రికార్డులు కూడా తెప్పించాడు. ఎగువన ఏడువందలకు పైగా చెరువులుంటే, రెండువందలకు పైగా తెగిపోయినట్టు తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది. అదీ తెగుతుంది. ఊరి మీదికొచ్చింది ఒక్క వాన నీరే కాదు, తెగిన చెరువులన్నిటి నీరు కూడా.

అందుకే నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలని సూచించాడు. వరద వస్తే ఆపుతాయి, మిగతా రోజుల్లో తాగునీరిస్తాయి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అప్పటికి ఆయన ఇక్కడ లేడు. కట్టింది ఇక్కడి ఇంజినీర్లు. వాళ్లలో ముఖ్యుడైన అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు జులై 11ని తెలంగాణ తన ఇంజినీర్స్ డేగా చేసుకుంది. విశ్వేశ్వరయ్య 1920ల్లో మళ్లీ వచ్చి నగరం డ్రైనేజీ పనికి సలహాలిచ్చాడు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఉస్మాన్‌సాగర్ నీరు పల్లం వైపు దానంతటదే నగరంలోకి పారేది. కరెంటుతో పని లేదు. ఇప్పుడు మనం ఎక్కువగా తాగుతున్న కృష్ణా, గోదావరి నీళ్లను ఎంతో దూరం నుంచి పంపులతో ఎత్తిపోయాలి. అక్కడ కరెంటు పోతే ఇక్కడ నల్లా ఆగుతుంది. ఒక వ్యవస్థ దెబ్బతింటే రెండోది కూడా పడిపోవడం అంటే ఇదే.

కోలార్ గనులకు కరెంటు కావాలి

1909 చివర్లో ఆయన మైసూరు చీఫ్ ఇంజినీర్‌గా వెళ్లాడు. అక్కడ కావేరి మీద శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం 1902 నుంచే నడుస్తోంది. దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని కోలార్ బంగారు గనులకు అక్కడి నుంచే కరెంటు వెళ్లేది. 1905లో బెంగళూరు వీధి దీపాలు కూడా వెలిగాయి. ఇంతకీ చిక్కేంటంటే, ఎండాకాలంలో కావేరి సన్నబడిపోతుంది. యంత్రాలున్నాయి, తీగలున్నాయి, కొనేవాళ్లు క్యూలో ఉన్నారు. తిప్పడానికి నీళ్లే లేవు. గని లోపల పనికి కరెంటు ఇవాళ ఉంది, రేపు లేదంటే కుదరదు కదా!

కొత్త యంత్రాలు కొంటే ఈ కొరత తీరదు. ఎగువన నీటిని దాచాలి. అలా వచ్చిందే కృష్ణరాజసాగర్. 1911లో పని మొదలైంది. ఇంత డబ్బు ఎక్కడినుంచి తేవాలని ఆర్థిక శాఖ అభ్యంతరం చెప్పింది, కింద ఉన్న మద్రాసు ప్రభుత్వం నీటి కోసం పేచీ పెట్టింది. గనులకు అమ్మే కరెంటు ఆదాయం, పొలాలకు పారే నీటి ఆదాయం లెక్కగట్టి చూపి ఆయన మహారాజును ఒప్పించాడు. సిమెంటు ఖరీదైన రోజులు కాబట్టి సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీతో కట్టారు. ఈ డ్యామ్ కింద కన్నంబాడి లాంటి ఊళ్లు మునిగిపోయాయి. మండ్య పచ్చబడింది నిజమే, దానికి కొందరు ఇల్లూ ఊరూ వదులుకున్నారన్నదీ అంతే నిజం.

కరెంటును పెద్దఎత్తున దాచడం ఇప్పటికీ ఖరీదైన పనే. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో, నాగార్జునసాగర్‌లో కిందికి వదిలిన నీటిని మళ్లీ పైకి తోడే రివర్సిబుల్ యూనిట్లు పెట్టింది ఇందుకే. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకెత్తు, చాలనప్పుడు కిందికి వదులు. ఎక్కడ ఏ యంత్రం పెట్టినా మూలసూత్రం కావేరి దగ్గర ఆయన పట్టుకున్నదే.

నష్టాల్లో ఉన్న ఫ్యాక్టరీ, ఒప్పుకోని మాట

1912లో ఆయన మైసూరు దివాన్ అయ్యాడు. మైసూరు బ్యాంకు, మైసూరు యూనివర్సిటీ, బెంగళూరు ఇంజినీరింగ్ కాలేజీ ఆ కాలంలోనే వచ్చాయి. 1918లో పదవి వదులుకున్నాడు. దాని వెనకున్న కారణం మీకు కూడా సంబంధించిందే. వెనకబడిన వర్గాలకు ప్రభుత్వ ఉద్యోగాల్లో తగిన వాటా ఇచ్చేందుకు మహారాజు మిల్లర్ కమిటీ వేశాడు. ఉద్యోగానికి ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్నది విశ్వేశ్వరయ్య పట్టుదల. చదువుకే దారి దొరకనివాళ్లను మార్కులతో కొలవడం న్యాయం కాదన్నది అవతలివాళ్ల వాదన. మైసూరు వాళ్ల మాటే విని 1921లో ఉత్తర్వులిచ్చింది. దేశం కూడా తర్వాత ఆ దారిలోనే నడిచింది. నీటి లెక్కలో అంత ముందుచూపున్న మనిషి ఈ విషయంలో కాలానికి ఎదురు నిలిచాడు. గొప్పవాళ్లను చదివేటప్పుడు ఇది కూడా దాచకుండా చదవాలి.

1923లో భద్రావతి ఇనుప ఫ్యాక్టరీ నష్టాల్లో కూరుకుపోతే మళ్లీ ఆయన్నే పిలిచారు. ఖర్చులు తగ్గించి, పనివాళ్లకు శిక్షణ ఇప్పించి, ఆరేళ్లలో దాన్ని నిలబెట్టాడు. 1934లో దేశానికి ఆర్థిక ప్రణాళిక ఎలా ఉండాలో పుస్తకం రాశాడు. 1955లో భారతరత్న వచ్చింది. తొంభై దాటిన వయసులో బిహార్‌లోని మొకామా దగ్గర గంగ మీద వంతెన కోసం స్థలం పరిశీలించాడు. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండాక కన్నుమూశాడు.

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకు

జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కం, వాటర్ బోర్డు... నోటిఫికేషన్ ఏదైనా, రేపు మీ టేబుల్ మీదికొచ్చేది కొరత ఫైలే. ఫీడర్ ఎందుకు ట్రిప్ అవుతోంది, నల్లా నీరు మూడో వీధికి ఎందుకు అందట్లేదు అని జనం అడుగుతారు. బడ్జెట్ లేదు, స్టాఫ్ లేరు అనడం తేలిక. విశ్వేశ్వరయ్య అయితే ముందు మూడు ప్రశ్నలు వేసుకునేవాడు. ఇప్పటిదాకా రికార్డు ఏముంది? అన్నిటికన్నా చెడ్డరోజున ఎంత అవసరం పడింది? ఆ రోజు కోసం మన దగ్గర ఎంత నిల్వ ఉంది? పవర్ ఇంజినీరింగ్‌లో రిజర్వ్, పీక్ లోడ్ అని చదువుతున్నది ఇదే. పరీక్ష కోసం డెఫినిషన్ బట్టీ పట్టినా ఫర్వాలేదు. ఉద్యోగం వచ్చాక మాత్రం మీ సబ్‌స్టేషన్‌కు, మీ రిజర్వాయర్‌కు ఆ మూడు జవాబులూ రాసిపెట్టుకోండి. వేసవి మార్చిలో మొదలైతే ఆ కాగితం డిసెంబరులోనే సిద్ధంగా ఉండాలి.